న్యూజిలాండ్ వెళ్తున్నారా? ముందు మీ కొండ ఏదో తేల్చుకోండి

"తాతయ్యా, మీ కొండ ఏది?"

హామిల్టన్‌లో మా అమ్మాయి ఇంట్లో దిగిన మర్నాడు పొద్దున్నే మా మనవరాలు అడిగిన ప్రశ్న ఇది. దానికి అప్పుడు ఏడేళ్ళు. బడిలో పెపెహా నేర్పుతున్నారట. అక్కడి మూలవాసులైన మావోరీలు తమను తాము పరిచయం చేసుకునే పద్ధతికి ఆ పేరు. ముందు తమ కొండ పేరు చెప్తారు, తర్వాత నది పేరు, ఆపైన పూర్వీకులు సముద్రం దాటి వచ్చిన పడవ పేరు, తెగ పేరు. మనిషి పేరు అన్నిటికన్నా చివర. నేను ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఏ ప్రశ్నకైనా ఏదో ఒక జవాబు లాగగలనని నా ధీమా. కానీ మాది కోనసీమ. మా ఊళ్ళో కొబ్బరిచెట్టును మించిన ఎత్తు లేదు. "మాకు కొండ లేదమ్మా, కాలవ ఉంది" అన్నాను. అది నన్ను చూసిన చూపులో జాలి కనిపించింది.

ఇప్పటికి రెండుసార్లు వెళ్ళాం, నేనూ మా ఆవిడా. మొత్తం కలిపి ఏడు నెలలు ఉన్నాం. వెళ్ళబోయేవాళ్ళు ఫోన్ చేసి అడిగేది ఒకటే: ఏమేం చూడాలి? ఆ జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. ఎలా చూడాలో నేను చెప్తాను. మంచుకొండలు ఒక రోజు, మావోరీ నాట్యం ఇంకో సాయంత్రం అని రెండు ఖాతాలుగా పెట్టుకున్నారో, సగం టిక్కెట్టు డబ్బులు దండగ. అక్కడ కొండ అంటే ఎవరో ఒకరికి తాత. నది అంటే ఇంటి మనిషి. ఏ కొండ ఎవరిదో అడిగి తెలుసుకుంటూ తిరిగితే రెండూ ఒకేసారి కనిపిస్తాయి.

ఎప్పుడు వెళ్ళాలి

అక్కడ ఋతువులు మనకు తలకిందులు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసవి, బడులకు సెలవులు, గదుల అద్దెలు చుక్కల్లో ఉంటాయి. నా ఓటు మార్చికి. ఎండ ఉంటుంది, జనం ఉండరు. ఆ ఎండను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రాజమండ్రి ఎండ చూసినవాళ్ళం, ఇదేమిటి అనుకున్నాను. వేడి లేదు కానీ చర్మం కాలిపోయింది. అక్కడి సూర్యకాంతిలో అతినీలలోహిత కిరణాల తీవ్రత చాలా ఎక్కువ. టోపీ, క్రీము తప్పనిసరి.

చలికి ఓర్చుకోగలిగితే మాత్రం జూన్, జూలైలలో మతారికి పండుగకు వెళ్ళండి. మతారికి అంటే మన కృత్తికలు. పల్లెల్లో పిల్లలకోడి అంటారే, ఆ నక్షత్రాల గుంపే. కొన్నాళ్ళు కనబడకుండా పోయి, నడి చలికాలంలో తెల్లవారుజామున తూర్పున మళ్ళీ పొడుస్తుంది. అది మావోరీలకు కొత్త సంవత్సరం. ఆ ఏడాది పోయినవాళ్ళ పేర్లు నక్షత్రాల వైపు చూస్తూ పలుకుతారు. 2022 నుంచి ఇది దేశమంతటికీ సెలవు దినం. చంద్రుణ్ణి బట్టి తేదీ మారుతుంది, మన ఉగాదిలాగే. 2026లో జూలై 10న వస్తుంది.

సంచిలో ఏముందో నిజం చెప్పండి

వీసా సంగతి మీ పిల్లలు చూసుకుంటారు. మీరు చూసుకోవలసింది సంచి. విమానం ఎక్కే ముందు కంప్యూటర్‌లోనో ఫోనులోనో ప్రయాణికుల ప్రకటన నింపాలి, దానికి రుసుము లేదు. తినే వస్తువు, గింజ, ఆకు, చెక్క, తేనె, మట్టి అంటిన బూట్లు, ఏది ఉన్నా ఉందని రాయండి. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. రాస్తే మహా అయితే ఆ వస్తువు తీసుకుంటారు, అంతే. మా ఆవిడ భయమంతా ఆవకాయ సీసాల గురించే, వ్రతం సామాను పోతుందని అనుకోలేదు. ఆవకాయ దాటింది. కొబ్బరికాయ, దర్భలు, కరివేపాకు పోయాయి. అన్నీ ప్రకటనలో రాశాం కాబట్టి అధికారి నవ్వుతూనే తీసుకున్నారు. ఆ కట్టుబాటు మీద నాకు కోపం లేదు. సముద్రం మధ్య ఒంటరిగా ఉన్న దేశం, బయటి పురుగు ఒకటి వచ్చినా అడవులు పోతాయి. దాని ఫలితం ఎలా ఉంటుందో ఉత్తరాన వైపోవా అడవిలో చూస్తారు. అక్కడ తానే మహుతా అనే కౌరి చెట్టు ఉంది. దాదాపు 51 మీటర్ల ఎత్తు, 13 మీటర్ల పైచిలుకు చుట్టుకొలత. మట్టిలో పాకే తెగులు కౌరి చెట్లను వేళ్ళ నుంచి చంపుతోంది. అందుకే అడవి గుమ్మంలోనే బూట్లు బ్రష్షుతో తోమి, మందునీళ్ళు కొట్టి పంపిస్తారు. గుడి ముందు కాళ్ళు కడుక్కున్నట్టే అనుకుని చేయండి.

మన అక్షరాలతో వాళ్ళ మాటలు

ఇది నా సొంత విషయం కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి.

మావోరీ మాటలు ఇంగ్లీషువాళ్ళకన్నా తెలుగువాళ్ళ నోట బాగా పలుకుతాయి. మన తెలుగు అజంత భాష అని పిల్లలకు చెప్పేవాణ్ణి. మావోరీ మనకన్నా గట్టి అజంతం. ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. మనం బస్ చివర ఉకారం చేర్చి బస్సు అన్నాం, వాళ్ళు పాహి అన్నారు. అచ్చులు అయిదు, ఒక్కోదానికి హ్రస్వం, దీర్ఘం. ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా మనకు లిపిలోనే ఉన్నాయి. వాళ్ళు దీర్ఘం మీద చిన్న గీత గీస్తారు, అది కనిపిస్తే సాగదీయండి. ఆ బోర్డుల్లో డబ్ల్యూ, హెచ్ పక్కపక్కన కనిపిస్తే 'ఫ' అనండి. ఇక 'ఎన్, జి' జంట ఉందే, అది మన 'ఙ'. ఏళ్ళ తరబడి ఈ అక్షరాన్ని నల్లబల్ల మీద రాసి, "ఇది ఎక్కడ వాడతాం మాస్టారూ" అని పిల్లలు అడిగితే దిక్కులు చూశాను. ఇదిగో, ఙాయ్ తాహు తెగ పేరులో వాడతారు. బడిలో ఙ నేర్చుకున్నవాళ్ళందరూ ధన్యులు.

ఇంకో రెండు ముచ్చట్లు. మనం, మేము అనే తేడా ఇంగ్లీషులో లేదు, మావోరీలో ఉంది. ఎదుటివాళ్ళను కలుపుకుంటే తాతౌ, కలుపుకోకపోతే మాతౌ. సంస్కృతంలోలా ద్వివచనం కూడా ఉంది. అందుకే నమస్కారం చెప్పేటప్పుడు ఎదుట ఎంతమంది ఉన్నారో లెక్క చూసుకోవాలి. ఒక్కరైతే "తేనా కోయె", ఇద్దరైతే "తేనా కోరువా", ముగ్గురు, ఆపైన అయితే "తేనా కౌతౌ". గుర్తుండకపోతే "కియా ఓరా" అనండి, ఎవరికైనా సరిపోతుంది.

కొన్ని ముక్కలు నేర్చుకుంటే ఊళ్ళ పేర్లు వాటంతట అవే అర్థం చెప్తాయి. వై అంటే నీరు, రోతో అంటే సరస్సు, మౌఙ అంటే కొండ, మోతు అంటే దీవి. రోతోరువా అంటే రెండో సరస్సు. మన ఏటూరు, కొండపల్లి లాంటివే.

కారు, దారి

మనలాగే ఎడమవైపు నడుపుతారు. ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సు సందర్శకులకు చెల్లుతుంది. మనవాళ్ళు తడబడేది ఒంటివరుస వంతెనల దగ్గర. గుండ్రని ఎర్ర అంచు బోర్డులో మీ వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే ఆగి అవతలివాళ్ళకు దారివ్వాలి. నీలం బోర్డు మీద మీ బాణం పెద్దగా, తెల్లగా ఉంటే మీరు వెళ్ళవచ్చు. ముందు హారన్ కొట్టినవాడిదే దారి అనే మన శాస్త్రం అక్కడ పనికిరాదు. ఫోను రెండు గంటలంటే మూడు అనుకోండి. దారి మలుపుల వల్ల కాదు, ప్రతి మలుపులో మీరు ఆగుతారు కాబట్టి.

రెండు వారాలకు తక్కువైతే రెండు దీవులూ పెట్టుకోవద్దు. మావోరీల్లో ఎక్కువమంది ఉండేది ఉత్తర దీవిలో. పది రోజులే ఉంటే అక్కడే తిరగండి.

ఆక్లండ్‌లో దిగగానే ఎత్తయిన టవరు ఎక్కమంటారు. మీ ఇష్టం. నేనైతే మౌఙఫౌ ఎక్కమంటాను. 196 మీటర్ల చిన్న కొండ, చల్లారిన అగ్నిపర్వతం. పైదాకా కార్లు వెళ్ళేవి, 2016లో ఆపేశారు, ఎందుకంటే అది పవిత్ర స్థలం. అంచున నిలబడి గిన్నెలాంటి బిలాన్ని చూడండి, లోపలికి దిగకండి. కొండ పక్కల మెట్లు మెట్లుగా కనిపించేవి ఒకప్పటి మావోరీ కోట ఆనవాళ్ళు. గుంటలు చిలగడదుంపలు దాచుకున్న పాతర్లు. చిలగడదుంపను కుమారా అంటారు. దక్షిణ అమెరికాలో పుట్టిన ఆ దుంప పసిఫిక్ దీవులకు, అక్కడి నుంచి పడవల మీద ఈ దేశానికి చేరింది.

అక్కడి నుంచి ఉత్తరానికి వెళ్తే వైతాంగి. 1840 ఫిబ్రవరి 6న బ్రిటిష్ రాణి ప్రతినిధులు, మావోరీ నాయకులు ఒప్పందం మీద సంతకాలు చేసిన చోటు. రెండు భాషల్లో రాశారు, రెండూ ఒకటి కావు. ఇంగ్లీషు ప్రతిలో నాయకులు సార్వభౌమాధికారం వదులుకున్నారు. మావోరీ ప్రతిలో పరిపాలన మాత్రమే అప్పగించి, తమ పెద్దరికం తమ దగ్గరే ఉంచుకున్నారు. నూట ఎనభై ఏళ్ళు దాటినా దేశం ఆ అనువాదం గురించే వాదించుకుంటోంది. భాషా పండితులు ఊరికే జీతం తీసుకుంటారనేవాళ్ళను అక్కడికి తీసుకెళ్ళి నిలబెట్టాలి. 35 మీటర్ల యుద్ధపడవ కూడా అక్కడే ఉంది, చూడకుండా రాకండి.

ఇంకా ఉత్తరాన, భూమి కొసన, తే రేరెంగా వైరువా. చనిపోయినవాళ్ళ ఆత్మలు ఆ కొస నుంచే పూర్వీకుల దేశానికి బయల్దేరుతాయని నమ్మకం. రాతికి పట్టుకుని వేలాడే ఒక ముసలి పోహుతుకావా చెట్టు వేళ్ళ మీదుగా దిగుతాయట. రెండు సముద్రాలు కలిసి నురగలు కక్కే చోటు. అక్కడ తినవద్దు, తాగవద్దు అని కోరతారు. మావోరీ ఆచారంలో భోజనమూ, పవిత్రమైనదీ ఒకచోట ఉండకూడదు. మా ఆవిడ తెల్లవారుజామున లేచి చేసిన పులిహోర డబ్బా కారులోనే ఉండిపోయింది. కింద తపోతుపోతు తీరానికి దిగి తిన్నాం. ఆలస్యం వల్లనో ఏమో, ఊట బాగా పట్టింది.

రోతోరువా: కనీసం మూడు రాత్రులు

ఊరంతా గంధకం వాసన. మొదటి గంట ముక్కు మూసుకుంటారు, రెండో రోజుకు మరిచిపోతారు. రోడ్డు పక్క కాలవల్లోంచి, పార్కుల్లోంచి ఆవిరి లేస్తుంటుంది. కుయిరావ్ పార్కులో డబ్బులు పెట్టకుండానే ఉడుకుతున్న బురదను చూడవచ్చు, వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవచ్చు. కంచె దాటకండి, పైన నేలలా కనిపించేది పలుచని పెంకు. వేడినీటి గుండాల్లో దిగితే తల మాత్రం ముంచకండి, ముక్కు ద్వారా మెదడుకు సోకే ప్రమాదకరమైన సూక్ష్మజీవి ఉండవచ్చు. గోదావరిలో మూడు మునకలు వేసిన అలవాటు ఉన్నవాళ్ళకు ఇది మరీ మరీ చెప్తున్నాను.

ఫకరెవరెవ అనే పల్లెకు వెళ్ళండి. ఇది ప్రదర్శన కోసం కట్టింది కాదు, ఇళ్ళలో మనుషులు కాపురం ఉన్నారు. ఆ ఊరివాళ్ళే తిప్పి చూపిస్తారు. నేల లోంచి వచ్చే ఆవిరి మీద చెక్కపెట్టెలు పెట్టి వంట చేస్తారు. మరిగే మడుగులోకి సంచిలో మొక్కజొన్న కంకులు దింపి ఉడికించి అమ్ముతారు. శాకాహారులు నిశ్చింతగా తినవచ్చు. నేను రెండు తిన్నాను.

ఆ ఊరి చరిత్ర తెలుసుకుని వెళ్తే కంకి రుచి వేరుగా ఉంటుంది. వీళ్ళ పూర్వీకులు కొందరు తరవెరా కొండ దగ్గర ఉండేవారు. అక్కడ గులాబి, తెలుపు రంగుల్లో మెట్లుమెట్లుగా పేరుకున్న రాతి అరుగుల మీదుగా వేడినీళ్ళు జారేవి. ప్రపంచం నలుమూలల నుంచి జనం ఓడలెక్కి వచ్చేవారు. వాళ్ళను తిప్పి చూపించినవాళ్ళలో సోఫియా హినెరంగి అనే ఆమె పేరు మోసింది. 1886 మే 31న ఆమె, ఆమెతో పడవలో ఉన్న యాత్రికులు సరస్సు మీద ఒక వింత యుద్ధపడవను చూశామన్నారు. పదకొండో రోజున, జూన్ 10 తెల్లవారుజామున తరవెరా పేలింది. ఊళ్ళు బూడిదలో కూరుకుపోయాయి, ఆ అరుగులు మాయమయ్యాయి. సోఫియా గుడిసె కప్పు బాగా ఏటవాలుగా ఉండడం వల్ల నిలబడింది, అరవైమందికి పైగా అందులో తలదాచుకుని బతికారు. అలా ఇల్లూ వాకిలీ పోయినవాళ్ళకు ఫకరెవరెవలో చోటు దొరికింది. ఇవాళ మిమ్మల్ని తిప్పి చూపించేవాళ్ళది ఆమె వారసత్వమే.

పక్కనే తే పుయాలో పోహుతు అనే వేడినీటి చిమ్ము ఉంది, రోజులో చాలాసార్లు 30 మీటర్ల దాకా ఎగుస్తుంది. అక్కడి చెక్కడం, అల్లిక నేర్పే బడిలో కూర్చుని ఒక గంట చూడండి. సరస్సు ఒడ్డున ఓహినెముతులో చిన్న చర్చి ఉంది. కిటికీ అద్దం మీద మావోరీ దుప్పటి కప్పుకున్న క్రీస్తును చెక్కారు. కుర్చీలో కూర్చుని చూస్తే వెనక సరస్సు నీళ్ళ మీద నడిచి వస్తున్నట్టు ఉంటుంది.

సాయంత్రం భోజనంతో కలిపి ఆటపాటలు చూపించేచోట్లు చాలా ఉన్నాయి. ఒకసారి వెళ్ళండి. గుంత తవ్వి, కాల్చిన రాళ్ళ మీద దుంపలు, మాంసం పెట్టి మట్టి కప్పి ఉడికించే వంటను హాంగి అంటారు. మాంసం, కూరగాయలు ఒకే గుంతలో ఉడుకుతాయి కాబట్టి శాకాహారులు టిక్కెట్టు కొనేటప్పుడే చెప్పాలి. అక్కడికి వెళ్ళి చెప్తే రొట్టె ముక్క పెడతారు. వాళ్ళు హాకా అనే వీరనాట్యం చేసేటప్పుడు నాలుక చాపి వెక్కిరించినట్టు ఫోటోలు దిగకండి. మనవాళ్ళే చేశారు, నేను తల దించుకున్నాను.

మరాయ్‌లో ఒక రాత్రి

మరాయ్ అంటే తెగ సమావేశమయ్యే ఆవరణ, అందులో చెక్కిన పెద్ద ఇల్లు. దారిలో ఎన్నో కనిపిస్తాయి. గేటు తెరిచి ఉంది కదా అని లోపలికి నడవకండి, అది వాళ్ళ ఇల్లు. పిలిస్తేనే వెళ్ళాలి. మా మనవరాలి బడి పిల్లలను ఒక రాత్రి నిద్రకు మరాయ్‌కి తీసుకెళ్తూ, తోడుగా తాతలు, అమ్మమ్మలు వస్తారా అని అడిగారు. నేను ముందే చెయ్యెత్తాను. అక్కడ నేర్చుకున్నది మీకు ఎక్కడైనా పనికొస్తుంది.

గేటు బయట గుంపుగా ఆగాలి. లోపలి నుంచి ఒక స్త్రీ గొంతెత్తి పిలుస్తుంది. అది పాట కాదు, ఏడుపు కాదు, రెండూ. దాన్ని కరంగా అంటారు. మన వైపు నుంచి ఒక స్త్రీ బదులు పలుకుతుంది. అప్పుడు నెమ్మదిగా నడవాలి, మాట్లాడకూడదు, మధ్యలో ముందువాళ్ళు ఆగితే మనమూ ఆగాలి. పోయినవాళ్ళను తలుచుకోవడానికే ఆ ఆగడం. పెద్ద సందర్భాల్లో ఈటె పట్టుకున్న యోధుడు ఎదురొచ్చి నేల మీద ఒక ఆకో, చెక్కముక్కో పెడతాడు. అతని కళ్ళలోంచి చూపు తిప్పకుండా మన తరఫు మనిషి దాన్ని తీసుకోవాలి. శాంతితో వచ్చామని అర్థం. ముందు వరుస కుర్చీలు మాట్లాడేవాళ్ళవి, ఖాళీగా ఉన్నాయని కూర్చోకండి.

ప్రసంగాలవుతాయి. ప్రతి ప్రసంగం తర్వాత వాళ్ళ వైపువాళ్ళు లేచి ఒక పాట పాడతారు. మన ప్రసంగానికి మనమూ పాడాలి. ఇక్కడే మనవాళ్ళు బిక్కచచ్చిపోతారు. వెళ్ళే ముందే ఒక పాటో, పద్యమో అందరూ కలిసి సాధన చేయండి. గొంతు ఎలా ఉన్నా ఎవరూ అనుకోరు, లేచి నిలబడకపోతే అనుకుంటారు. చివర కొంత డబ్బు కవరులో పెట్టి ఇస్తారు, దాన్ని కోహా అంటారు. రుసుము అనుకోకండి. పెళ్ళిలో చదివింపులు ఎలాగో అలాగ. ఇవాళ మీరు, రేపు వాళ్ళు.

ఆ తర్వాత హోంగి. కుడి చెయ్యి కలిపి, ముక్కు ముక్కుకు, నుదురు నుదుటికి ఆన్చి ఒక్క క్షణం ఆగాలి. ఊపిరి పంచుకోవడం అది. 'తానే' అనే పేరున్న దేవుడు మట్టితో చేసిన మొదటి స్త్రీ ముక్కులోకి ఊపిరి ఊదాడని వాళ్ళ కథ. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, మొదటి పెద్దాయన అద్దాలూ నావీ టకామని కొట్టుకున్నాయి. ఇద్దరం నవ్వుకున్నాక మళ్ళీ మొదలుపెట్టాం. చివర అందరూ కలిసి తింటారు. తింటేనే మీరు కొత్తవాళ్ళు కాకుండా పోతారు, వద్దనకండి.

చెప్పులు గుమ్మం బయట విడవండి, ఇది మనకు చెప్పాలా? బల్ల మీద కూర్చోకండి, తలగడ మీద కూర్చోకండి. తల పవిత్రం, ఎవరి తలా తాకకండి, పిల్లలదైనా సరే. పడుకున్నవాళ్ళను దాటకండి. ఇవన్నీ మా నాయనమ్మ ఎప్పుడో చెప్పింది.

ఆ ఇల్లు ఒక పూర్వీకుడి శరీరం. ముందు కప్పు కొసన ఉన్నది ముఖం. రెండు పక్కలకు వాలిన చెక్కలు చాచిన చేతులు. నడి దూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. రాత్రి పరుపులు వరసగా వేసి, పిల్లలతో పాటు మమ్మల్నీ అందులోనే పడుకోబెట్టారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని నేను ఎన్ని తరగతుల్లో చెప్పానో. ఆ రాత్రి నిద్ర పట్టక లెక్కపెట్టాను. ఒక్కో వాసం మీద ఒక్కో రంగు ముగ్గు.

పడుకునే ముందు అందరూ ఒక్కొక్కరు లేచి తామెవరో చెప్పాలన్నారు. అక్కడి కొండను తమ కొండ అని చెప్పుకోవడం బయటివాళ్ళకు తగదు, తమ ఊరి సంగతి చెప్పాలి. నా వంతు వచ్చింది. లేచాను. మాకు కొండ లేదు అని మొదలుపెట్టబోయాను. నోట్లోంచి వచ్చింది మాత్రం, యాభై ఏళ్ళుగా ప్రతి వినాయక చవితికీ పురోహితుడి వెనక అంటూ వచ్చిన సంకల్పం: "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే..." ముందు కొండ, తర్వాత నదులు, తర్వాత గోత్రం, చివర నా పేరు. వరస కూడా అదే. పెపెహా అక్షరాలా మా ఇంట్లోనే ఉంది, ఇన్నేళ్ళూ అర్థం వినకుండా అప్పజెప్పాను. మా మనవరాలు పరుపు మీంచి అరిచింది, "తాతయ్యా, ఉందిగా!"

మీరూ వెళ్ళే ముందు ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, మీ కొండ, నది, ఊరు, ఇంటిపేరు మూడు వాక్యాలుగా రాసి పెట్టుకోండి. ఎక్కడో ఒకచోట తప్పక అడుగుతారు.

కొండలూ నదులూ

తౌపో సరస్సు దక్షిణాన తోంగరిరో కొండలు. 1887లో ఙాతి తూఫరెతోవా తెగ పెద్ద తే హ్యూహ్యూ తూకినో ఆ శిఖరాలను ముక్కలుగా అమ్ముడుపోకుండా కాపాడడానికి ప్రభుత్వానికి అప్పగించాడు. దేశంలో మొదటి జాతీయ ఉద్యానవనం అలా మొదలైంది. ఆ కొండల మీదుగా సుమారు 20 కిలోమీటర్ల నడక ఉంది, ఏడెనిమిది గంటలు పడుతుంది. మా అల్లుడు నడిచాడు. వేసవిలో మొదలుపెట్టే చోట కారు నాలుగు గంటలకు మించి ఆపనివ్వరు, కాబట్టి వ్యాను మాట్లాడుకోవాలి. వాతావరణం బాగోలేదంటే వెనక్కి రండి. శిఖరాలు ఎక్కవద్దు, పచ్చల రంగు సరస్సుల నీళ్ళు తాకవద్దు అని తెగవాళ్ళ కోరిక. మోకాళ్ళ నొప్పులున్న మాలాంటివాళ్ళకు ఫకపాపా ఊరి నుంచి తరనాకి జలపాతం దాకా ఆరు కిలోమీటర్ల చుట్టు బాట చాలు.

తరనాకి అసలు పడమటి తీరాన ఉన్న కొండ పేరు. ఒకప్పుడు తోంగరిరో పక్కనే ఉండేవాడట. పిహంగా అనే కొండ కోసం ఇద్దరికీ యుద్ధమై, ఓడిన తరనాకి రాత్రికి రాత్రి పడమటికి వెళ్ళిపోయాడు. అతను ఈడ్చుకుపోయిన గాడిలో వంగనుయి నది పుట్టింది. 2017లో ఆ నదిని, 2025 జనవరిలో ఆ కొండను చట్టం వ్యక్తులుగా గుర్తించింది. "నేనే నది, నదే నేను" అని ఆ ఒడ్డువాళ్ళ మాట. నది పక్క దారి పట్టుకుంటే రానానా, ఆతెనె, కొరినితి అనే ఊళ్ళు వస్తాయి. లండన్, ఏథెన్స్, కోరింత్‌లకు అచ్చులు తొడిగితే అవే. నేను కారు ఆపించి ప్రతి బోర్డుకూ ఫోటో తీయించాను, మా ఆవిడ విసుక్కుంది.

వెల్లింగ్టన్‌లో తే పాపా మ్యూజియం. విదేశీయులకు ప్రవేశం 35 డాలర్లు, ఒక రోజంతా పెట్టండి. వాళ్ళ భాండాగారంలో ఒక కంచు గంట ఉంది. 1836 ప్రాంతంలో ఉత్తరాన ఒక మిషనరీ కంటపడేనాటికి మావోరీ స్త్రీలు దాన్ని వంటపాత్రగా వాడుతున్నారు. దాని మీద అక్షరాలు తమిళం: మొహిదీన్ బక్ష్ ఓడ గంట అని. ఏ రేవు నుంచి ఎలా కొట్టుకొచ్చిందో ఎవరూ తేల్చలేదు.

దక్షిణ దీవికి ఓడలో మూడున్నర గంటలు. అక్కడ ఎక్కువ భాగం ఙాయ్ తాహు తెగ నేల. పొనము అనే ఆకుపచ్చ రాయి వాళ్ళ ఆస్తి. కొనాలనుకుంటే హోకితికాలో చెక్కేవాళ్ళ దగ్గరే కొనండి, ఎక్కడి రాయో అడగండి. తమకోసం కాకుండా ఒకరికివ్వడానికి కొనడం పద్ధతి, కాబట్టి భార్యాభర్తలు ఒకరికొకరు కొనుక్కోండి, పేచీ ఉండదు. 3,724 మీటర్ల ఆవొరాకి కొండ ఆ తెగకు అందరికన్నా పెద్ద తాత. ఆకాశం నుంచి అన్నదమ్ములతో పడవలో వచ్చి, పడవ ఒరిగితే పైకెక్కి అలాగే రాయై మంచు కప్పుకున్నాడు. ఆ ఒరిగిన పడవే దక్షిణ దీవి.

చివరగా పియొపియొతాహి, ఇంగ్లీషులో మిల్ఫర్డ్ సౌండ్. తే ఆనావులో పెట్రోలు నింపుకుని బయల్దేరండి, 118 కిలోమీటర్ల దారి, మధ్యలో బంకు లేదు. వాన పడుతోందని మానుకోకండి. ఏడాదికి ఆరు మీటర్లకు పైగా కురిసే చోటు అది, వానలోనే వందల జలపాతాలు పుడతాయి. తూ తే రకిఫానోవా అనే దేవుడు గొడ్డలితో ఆ కొండగోడలను చెక్కాడట. పని చూసిన మృత్యుదేవత హినె నుయి తే పోకి భయం పట్టుకుంది: ఇంత అందం చూస్తే మనుషులు ఇక్కడే ఉండిపోతారు. అందుకని కుట్టే చిన్న నల్ల ఈగలను వదిలింది. నిండు చేతుల చొక్కా, మేజోళ్ళు, పూసుకునే మందు తీసుకెళ్ళండి. బట్ట మీంచి కుట్టవు, నడుస్తుంటే వాలవు. నిలబడితే అయిపోయినట్టే.

నేను ఫోటో కోసమని పంచె కట్టుకుని రేవు దగ్గర నిలబడ్డాను. మా ఆవిడ ఇంకా ఫోను తెరవనేలేదు. అయిదు నిమిషాల్లో ఇద్దరం కారులో కూర్చుని అద్దాలు ఎత్తుకున్నాం. దేవత ఎత్తు పారింది.